ముందు అడగాలి, తర్వాతే నడవాలి

"రాత్రంతా గ్రౌండ్ చుట్టూ తిరిగితే క్యాన్సర్ తగ్గుతుందా? ఆ డబ్బేదో నేరుగా ఆసుపత్రికి ఇచ్చేస్తే పోలా?"

క్యాన్సర్ రోగుల కోసం చందాలు పోగుచేసే రాత్రి నడక అనగానే హైదరాబాద్‌లో మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే. వెటకారంగా అడిగేవాళ్లు తక్కువ. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతారు, అడగాల్సిన ప్రశ్న కూడా. టీషర్టులు, స్టేజీ, లైట్లు, నీళ్ల సీసాలు, అంబులెన్సు అద్దె అన్నీ పోగా రోగి దాకా చేరేది ఎంత అని ఎవరికైనా అనిపిస్తుంది.

నా జవాబు సూటిగా చెప్తాను. రిజిస్ట్రేషన్ ఫీజు కట్టి, టీషర్టు తొడుక్కుని, నాలుగు రౌండ్లు వేసి, ఫొటో దిగి వెళ్లిపోయే నడక అయితే ఆ అడిగినవాళ్ల మాటే రైటు. ఆ డబ్బు నేరుగా పంపేస్తే మేలు. నడవబోయే ప్రతి మనిషీ అంతకుముందే ఓ ఇరవై ముప్ఫై మందిని పలకరించి, క్యాన్సర్ అని పేరు పెట్టి చెప్పి, చందా అడిగి వచ్చాడనుకోండి, అప్పుడు లెక్క మారిపోతుంది. ఇందులో అసలు పని అడగడం. రాత్రంతా నడుస్తానన్న మాట ఆ అడిగే మనిషికి నోరిస్తుంది.

ఈ పద్ధతి పుట్టిందే అలా. 1985 మే నెలలో అమెరికాలోని టకోమాలో గోర్డీ క్లాట్ అనే పెద్దపేగు సర్జన్ ఒక కాలేజీ ట్రాక్ చుట్టూ 24 గంటలు తిరిగాడు. పరుగూ నడకా కలిపి 83 మైళ్లు, అంటే 130 కిలోమీటర్ల పైచిలుకు. స్నేహితులు, ఆయన దగ్గర వైద్యం చేయించుకున్నవాళ్లు తలా 25 డాలర్లు ఇచ్చి అరగంట చొప్పున ఆయనతో పాటు నడిచారు. మొత్తం 27,000 డాలర్లు వచ్చాయి. మరుసటి ఏడాది జట్లుగా వంతులేసుకుని నడవడం మొదలైంది. తర్వాత అదే 'రిలే ఫర్ లైఫ్' పేరుతో దేశదేశాలకి పాకింది. టికెట్టు పెట్టి జనాన్ని పోగేయలేదాయన. తెలిసినవాళ్లని ఒక్కొక్కరినీ అడిగాడు.

ఏడు వారాల బస

అడగబోయే మనిషికి ముందు తెలిసి ఉండాల్సింది ఆ డబ్బు దేనికన్నది. 'క్యాన్సర్ రోగుల సహాయార్థం' అంటే వినేవాళ్లకి ఏమీ కనబడదు.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితి తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలయింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ చాలావరకు అందులో నడిచిపోతాయి. నడవనిది పేషెంటుతో వచ్చిన మనిషి ఊళ్లో ఉండడం, తినడం, ఇంటి దగ్గర పోయిన కూలి. నోటి క్యాన్సర్‌నే తీసుకోండి. జనం 'కరెంటు పెట్టించుకోవడం' అనే రేడియేషన్ వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు, 30 నుంచి 35 సార్లు పెడతారు. ప్రతిసారీ మెషీన్ గదిలో ఉండేది కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాల కోసం ఆసిఫాబాద్ నుంచో అచ్చంపేట నుంచో వచ్చిన భార్యాభర్తలు ఏడు వారాలు హైదరాబాద్‌లో ఎక్కడో ఒకచోట తలదాచుకోవాలి. రెడ్‌హిల్స్‌లో 1955 నుంచి ఉన్న ఎంఎన్‌జే లాంటి ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చేవాళ్లలో రోజూ ఊరి నుంచి వచ్చిపోగలిగేవాళ్లు ఎంతమంది ఉంటారు?

మధ్యలో ఏం జరుగుతుందంటే, రెండు మూడు వారాలు గడిచేసరికి నోరంతా పూస్తుంది. అన్నం మింగుడు పడదు, జావ కూడా మంట. అప్పటికి తెచ్చుకున్న డబ్బులు అయిపోతాయి. "ఓ వారం ఊరెళ్లి వస్తాం సార్" అంటారు. ఆ వారమే కొంప ముంచుతుంది. చికిత్స సగంలో ఉన్నప్పుడు మిగిలిన కణితి కణాలు మునుపటి కన్నా వేగంగా పెరగడం మొదలుపెడతాయి. తల, మెడ క్యాన్సర్లలో రేడియేషన్ అనుకున్నదాని కన్నా ఒక్కో రోజు సాగిన కొద్దీ ఆ చోట జబ్బు అదుపులోకి వచ్చే అవకాశం సుమారు ఒక శాతం చొప్పున తగ్గుతుందని డాక్టర్లు లెక్కగడతారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లోనూ మొత్తం రేడియేషన్ ఎనిమిది వారాల లోపు ముగియాలంటారు. అంటే మంచం, రెండు పూటల భోజనం కూడా ఇక్కడ వైద్యంలో భాగమే. మెషీన్ ఎంత మంచిదైనా, పేషెంటు ఊళ్లో లేకపోతే అది చేసేదేమీ లేదు.

ఇద్దరు మనుషులకి బసా తిండీ కలిపి రోజుకి 500 రూపాయలు అవుతుందనుకుందాం. ఏడు వారాలకి 24,500. పన్నెండు మంది జట్టులో ఒక్కొక్కరు ఐదు వేలు తెస్తే 60,000. ఒక జట్టు ఒక్క రాత్రితో రెండు కుటుంబాలని చివరి రోజు దాకా ఇక్కడ నిలబెట్టి, ఇంకా పదకొండు వేలు మిగులుస్తుంది. నిర్వాహకులు చందా పుస్తకం అచ్చు వేయించే ముందు ఈ లెక్క వేయాలి, ఎన్ని కుటుంబాలు, ఎన్ని రోజులు అన్నది మొదటి పేజీలోనే రాయాలి. 'అవగాహన కార్యక్రమాల నిమిత్తం' అని రాసిన చోటికి నేనైతే చందా ఇవ్వను.

బస తర్వాత నా లెక్కలో రెండో స్థానం నొప్పికి. ఇంక నయం కాదన్నవాళ్లకి ఇంటి దగ్గరే నొప్పి తగ్గించే మార్ఫిన్ అందించే బృందాలు, వాళ్లని చివరిదాకా చూసుకునే హాస్పిస్‌లు ఈ ఊళ్లో ఉన్నాయి. మత్తుమందుల చట్టాన్ని 2014లో సవరించాక మార్ఫిన్ దొరకడం కొంత తేలికయింది. మందు మాత్ర ఖరీదు తక్కువే. దాన్ని రాసే డాక్టరు, ఇంటిదాకా వెళ్లే నర్సు, ఆమెని తీసుకెళ్లే బండి, వీటికే డబ్బు కావాలి. వీటికి చందాలు రాబట్టడం కష్టం, ఎందుకంటే 'కోలుకున్నారు' అని చూపించడానికి చివర్లో ఫొటో ఉండదు.

ఎవరిని, ఎలా అడగాలి

మన ఇళ్లలో క్యాన్సర్ పేరు పైకి రాదు. 'ఆ జబ్బు' అంటారు, 'ఒంట్లో బాగుండట్లేదు' అంటారు. కీమోకి జుట్టు ఊడితే టైఫాయిడ్ వచ్చిందంటారు, లేదంటే తిరుపతి మొక్కు అంటారు. తల్లికి రొమ్ము క్యాన్సర్ అని తెలిస్తే కూతురికి సంబంధాలు రావేమోనని పక్క పోర్షన్ వాళ్లకి కూడా తెలియనివ్వరు. ఈ దాపరికం వల్ల ఇంకొకరికి నష్టం జరుగుతుంది. రొమ్ములో గడ్డ చేతికి తగిలిన ఆడమనిషికి చుట్టూ చూస్తే ఈ జబ్బొచ్చి బతికినవాళ్లు ఒక్కరూ కనబడరు. ఉండరని కాదు, చెప్పరు. చావుని మాత్రం దాచలేరు కనుక ఆమెకి తెలిసిన కథలన్నీ చావులే. ఆ భయంతో డాక్టర్ దగ్గరికి వెళ్లకుండా ఇంకో ఆరు నెలలు గడుపుతుంది.

చందా కోసం చేసే ఫోన్ సరిగ్గా ఇక్కడ పని చేస్తుంది. "అత్తా, డిసెంబర్‌లో క్యాన్సర్ కోసం రాత్రంతా నడుస్తున్నా. ఊరి నుంచి వచ్చి కరెంటు పెట్టించుకునే వాళ్లు ఇక్కడ ఒక రోజు ఉండడానికి ఐదొందలవుతుంది. ఒక్క రోజు నీ పేరు మీద రాసుకోనా?" అవతల కాసేపు మాట ఉండదు. ఆ తర్వాత, "మా పెద్దాడపడుచుకి కూడా అదేరా, మీకెవరికీ చెప్పలేదు" అని మొదలవుతుంది. ఐదొందలు అడిగినందుకు అరగంట మాట్లాడతారు. ఆ అరగంటలో ఒక్కోసారి, "నాక్కూడా ఇక్కడేదో గట్టిగా తగులుతోంది" అని బయటపడుతుంది. ఏ పోస్టరూ ఏ ర్యాలీ ఆవిడ చేత ఆ మాట అనిపించలేవు.

అందుకే లక్ష్యాన్ని రూపాయల్లో కాకుండా మనుషుల్లో పెట్టాలంటాను. ఒక్క బిల్డరు మామయ్య దగ్గర పదివేలు తెచ్చినవాళ్ల కన్నా, ఇరవై మంది దగ్గర తలా వంద తెచ్చినవాళ్లు ఎక్కువ పని చేసినట్టు. ఫీజు పెడితే స్టూడెంట్లు, వాచ్‌మన్లు, ఇళ్లలో పనిచేసేవాళ్లు రాలేరు. ఇరవై మందిని అడగమంటే వాళ్లూ అడగగలరు, మనకన్నా బాగా అడుగుతారు.

వాట్సాప్ గ్రూపులో లింకు పెట్టడం అడగడం కిందికి రాదు. అక్కడ రెండు చేతుల దండాలు వస్తాయి, డబ్బు రాదు, మాట అసలే రాదు. ఒక్కొక్కరికీ ఫోన్ చేయాలి, లేదా ఎదురుగా కూర్చోవాలి. 'మీకు తోచినంత' అంటే అవతలివాళ్లు ఇబ్బంది పడతారు, ఎంతో చెప్పాలి. ఆఫీసులో మీ కింద పనిచేసేవాళ్లని అడగకూడదు, కాదనలేక ఇస్తారు. ఇంట్లో ప్రస్తుతం చికిత్స నడుస్తున్నవాళ్లని డబ్బు అడగకూడదు, వాళ్లు తమంతట తాము ఇస్తామన్నా సగం వెనక్కి ఇచ్చేయడం మర్యాద. కంపెనీల్లో ఉద్యోగులు ఎంత తెస్తే అంతకి అంత కలిపే ఏర్పాటు ఉంటే ముందే కనుక్కోవాలి. హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు ఆఫీసుల్లో ఇది చాలాచోట్ల ఉంది, హెచ్‌ఆర్‌ని అడగాలన్న ఆలోచన రాక పోగొట్టుకుంటున్నారు.

అడిగేవాళ్లకి మొహమాటం ఉంటుంది, కాదనను. కానీ వినాయక చవితికి రసీదు బుక్కు పట్టుకుని ప్రతి తలుపూ తట్టే ఊరు ఇది. తలుపు తట్టడం మనకి తెలుసు.

ఇంకొకటి. అడిగినప్పుడు తిరిగి ప్రశ్నలు వస్తాయి, వాటికి సిద్ధంగా ఉండాలి. నోట్లో పుండు మూడు వారాలకీ మానకపోయినా, రొమ్ములో నొప్పి లేని గడ్డ తగిలినా, ముట్లుడిగాక మళ్లీ రక్తం కనబడినా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించమనాలి. ఏ ఇబ్బందీ లేకపోయినా 30 దాటినవాళ్లకి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమంలో ఉన్నాయని చెప్పాలి. మూడోది వినగానే ఆడవాళ్లు భయపడతారు. పల్చటి ఎసిటిక్ ఆసిడ్ అద్ది, ఒకటి రెండు నిమిషాలాగి, తెల్లబడిందేమో చూడడమే ఆ పరీక్ష అని చెప్తే సగం భయం పోతుంది. ఈ నాలుగు మాటలూ ఒక కాగితం మీద రాసి నడిచే ప్రతివాళ్లకీ ఇవ్వాలి. అంతకుమించి వైద్యం చెప్పకూడదు. బొప్పాయి ఆకు రసం, గోమూత్రం, ఫలానా ఊళ్లో నాటు మందు ఇచ్చే ఆయన, ఈ కబుర్లు వస్తే మాట మార్చేయాలి.

డబ్బు వచ్చే దారి

ఎక్కువగా జరిగే పొరపాటు, నడిచేవాళ్లు తమ సొంత ఫోన్‌పే, గూగుల్‌పేలోకి అందరి డబ్బూ తీసుకుని చివర్లో మొత్తంగా సంస్థకి పంపడం. చూడ్డానికి తేలిక. కానీ రసీదు మొత్తం ఆ ఒక్కరి పేరు మీదే వస్తుంది, ఇచ్చిన ఇరవై మందికీ విరాళాల మీద వచ్చే ఆదాయపన్ను మినహాయింపు (80జి) పోతుంది. దాత పేరు, పాన్ వివరాలు సంస్థ దగ్గర ఉంటేనే వాళ్లు ఆదాయపన్ను శాఖకి పంపి సర్టిఫికెట్ ఇవ్వగలరు. కాబట్టి సంస్థ క్యూఆర్ కోడ్‌కే నేరుగా పంపించి, నోట్‌లో నడిచేవాళ్ల పేరో జట్టు నంబరో రాయమనాలి. నగదుగా 2,000 దాటి ఇస్తే మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకి 80జి ఎటూ లేదు, అది ముందే చెప్పేస్తే తర్వాత మాట పడక్కర్లేదు.

అమెరికా బంధువుల డబ్బు దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్‌ఆర్‌ఐ తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న బాబాయి పంపితే, భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళం. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు ఉన్న సంస్థే, ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖలో ఉన్న తన ప్రత్యేక ఖాతాలోకే తీసుకోవాలి. 'నా అకౌంట్‌కి వెయ్యి బాబాయ్, నేను కడతాను' అనకూడదు. అది సంస్థకి చుట్టుకుంటుంది.

స్పాన్సర్ల విషయంలో నాది మొండితనమే అనుకోండి. ఏర్పాట్ల ఖర్చంతా స్పాన్సర్లు భరించాలి, చందా రూపాయి ఒక్కటీ టీషర్టుకి పోకూడదు. యాలకుల పొట్లం పేరుతో పాన్ మసాలా పేరు గుర్తుచేసే కంపెనీలు ఎంత ఇస్తామన్నా వద్దనాలి. నోటి క్యాన్సర్ వార్డుకి మంచాలు కొనే డబ్బు వాళ్ల బ్యానర్ కింద రావడం కన్నా రాకపోవడమే నయం.

రాత్రే ఎందుకు

సాయంత్రం మొదలై తెల్లారేదాకా నడవడాన్ని రోగి ప్రయాణంతో పోలుస్తారు నిర్వాహకులు. చీకటి పడటం జబ్బు బయటపడటం, అర్ధరాత్రి చికిత్స, ఉదయం కోలుకోవడం అని. ఈ పోలిక నాకు పూర్తిగా మింగుడు పడదు. తెల్లవారని వాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల ఇంటివాళ్లు కూడా ఆ మైదానంలో నడుస్తుంటారు.

నేను రాత్రిని సమర్థించేది వేరే కారణాలకి. పొద్దున్నే ఐదు కిలోమీటర్లు నడుస్తానంటే 'నీ ఆరోగ్యానికే కదా' అంటారు, చందా రాలదు. రాత్రంతా మేలుకుని నడుస్తానంటే మన నాయనమ్మలకి వేరే వివరణ అక్కర్లేదు. శివరాత్రి జాగారం తెలిసినవాళ్లు, అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కినవాళ్లు, ఒకరి కోసం ఇంకొకరు ఒళ్లు కష్టపెట్టుకోవడం ఏమిటో వాళ్లకి తెలుసు. రెండోది, రాత్రి ఒక్కరి వల్ల కాదు. పన్నెండు మంది గంట చొప్పున వంతులేసుకోవాలి. వంతుకీ వంతుకీ మధ్య ఒకే చాప మీద కూర్చోవాలి. రాత్రి రెండింటికి ఆ చాప మీద వచ్చే మాటలు మార్నింగ్ వాక్‌లో రావు. మూడోది, పెద్దాసుపత్రుల బయట పేషెంట్ల తాలూకు మనుషులు అదే వేళకి కారిడార్లలో, చెట్ల కింద, మూసిన షాపుల అరుగుల మీద మేలుకుని ఉంటారు. ఆ బస మార్చడానికే ఈ డబ్బు.

రాత్రి నిద్ర మానడం క్యాన్సర్‌కి మంచిది కాదంటారు కదా అని అడిగేవాళ్లున్నారు. నిజమే, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో రాత్రి షిఫ్టు పనిని క్యాన్సర్ కారకం కావచ్చన్న కోవలో చేర్చింది, 2019లో మళ్లీ అదే చెప్పింది. అది ఏళ్ల తరబడి రాత్రి పని చేసేవాళ్ల మాట. ఏడాదికి ఒక రాత్రి దానికిందికి రాదు.

రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరింటి దాకా బయట లౌడ్‌స్పీకర్ నిషేధం. ఇది నాకు సంతోషం. డీజే ఉండదు, యాంకర్ అరుపులు ఉండవు, పక్క కాలనీ నుంచి 100కి ఫోన్లు పోవు.

మైదానం

నెక్లెస్ రోడ్డు మీద నడిస్తే ఫొటోలు బాగా వస్తాయి. అయినా నా ఓటు 400 మీటర్ల ట్రాక్ ఉన్న స్టేడియానికో, గేటున్న కాలేజీ గ్రౌండుకో. రోడ్డు మీద అర్ధరాత్రి దాటాక బైకుల పందాలు, కుక్కల గుంపులు, పగిలిన ఫుట్‌పాత్‌లు ఉంటాయి. అన్నిటికన్నా పెద్ద సమస్య ఆడవాళ్లకి టాయిలెట్. గ్రౌండ్‌లో అయితే అంబులెన్సు ఎటు చూసినా రెండు నిమిషాల దూరం, ఓపిక అయిపోయినవాళ్లు అక్కడికక్కడే కూర్చోవచ్చు, పెద్దవాళ్లు ఒక్క రౌండు వేసి కుర్చీలో సర్దుకోవచ్చు. టాయిలెట్లు యాభై మందికి ఒకటన్నా ఉండాలి, సగానికి పైగా ఆడవాళ్లకి, లోపల లైటుతో. ఒంటిగంట తర్వాత ట్యాంకులో నీళ్లు అయిపోవడం మామూలు. పదకొండింటికే ఇంకో ట్యాంకర్ చెప్పి ఉంచాలి.

అక్టోబర్ వానలకి దొరుకుతుంది, మే నెల ఎండకి. నవంబర్ చివర నుంచి జనవరి దాకా బాగుంటుంది. కాకపోతే తెల్లవారుజాము చలిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మూడు నుంచి ఐదు మధ్య ఒంటి వేడి సహజంగానే అడుగంటుతుంది, మంచు పడి చెమట బట్టలు చల్లబడతాయి, వంతు అయి కూర్చున్న పది నిమిషాల్లో వణుకు మొదలవుతుంది. పొడి బనియను, శాలువా, మంకీ క్యాప్ సంచిలో ఉండాలి. నడక ఆపిన వెంటనే వేసుకోవాలి, చలేశాక కాదు.

గంటకి నాలుగున్నర కిలోమీటర్ల చొప్పున ఒక వంతుకి పదకొండు రౌండ్లు పడతాయి. అందరూ ఒకే దిక్కున తిరుగుతూ ఉంటే మలుపుల్లో లోపలివైపు కాలి మీద బరువు పడి తెల్లారేసరికి మోకాలో తుంటో పట్టేస్తుంది. రెండు గంటలకోసారి విజిల్ వేసి అందరినీ ఒకేసారి వెనక్కి తిప్పాలి. దీనికి పైసా ఖర్చు లేదు, అయినా చేసే నిర్వాహకులు తక్కువ.

దీపాల దగ్గర మన ఇళ్ల పట్టింపు ఒకటి గుర్తుంచుకోవాలి. కాగితం సంచుల్లో ఇసక పోసి, దీపం పెట్టి, పైన పేర్లు రాసి ట్రాక్ పక్కన పేరుస్తారు. పోయినవాళ్ల పేర్ల పక్కన బతికున్న మనిషి పేరు మీద దీపం పెడితే ఇంట్లో పెద్దవాళ్లు అపశకునమని గొడవ పెడతారు, పెట్టడం సహజం. రంగు మార్చాలి, చోటు మార్చాలి. అసలు ఆ మనిషిని అడగకుండా పేరే రాయకూడదు. కొవ్వొత్తి వద్దు, గాలికి కాగితం అంటుకుంటుంది, పక్కనే నైలాన్ ప్యాంట్లు. చిన్న బ్యాటరీ దీపాలు చాలు.

కాళ్లు

వంతులేసుకునేవాళ్లకి పెద్దగా భయం లేదు. రాత్రంతా తామే నడుస్తామనేవాళ్లకి బొబ్బలే శత్రువు. నిమిషానికి వంద అడుగుల చొప్పున గంటకి ఆరు వేలు. ప్రతి అడుగుకీ మడమ ఎముక లోపల కాస్త జరుగుతుంది, పైచర్మం సాక్సుకి అంటుకుని అక్కడే ఉంటుంది. ఆ రెంటి మధ్య పొరలు అటూ ఇటూ సాగి సాగి చివరికి విడిపోతాయి, ఆ ఖాళీలోకి నీరు చేరుతుంది. చెమటకి తడిసిన చర్మం ఇంకా గట్టిగా అంటుకుంటుంది. అందుకే కాటన్ సాక్సు పనికిరాదు, తడి పట్టి ఉంచుతుంది. సింథటిక్‌వి కానీ ఉన్నివి కానీ రెండు జతలు తెచ్చుకుని సగం రాత్రిలో మార్చాలి. కాళ్లు వాస్తాయి కనుక బూటులో బొటనవేలి ముందు వేలి మందం ఖాళీ ఉండాలి, మడమ మాత్రం కదలకూడదు. ఆ రోజు కోసం కొత్త బూట్లు కొనడం కన్నా చేటు ఇంకోటి లేదు.

మందుల షాపులో దొరికే సన్నటి కాగితం ప్లాస్టర్‌ని నడకకి ముందే, పొడి కాలికి, ముడత లేకుండా మడమ మీద, వేళ్ల పక్కన అంటించాలి. వాజలీన్ కూడా పని చేస్తుంది, కానీ ప్లాస్టర్ అంటించే చోట రాస్తే అది ఊడిపోతుంది. ఏదో ఒకటే. ఒకచోట వేడిగా, చురుక్కుమంటూ అనిపించిందంటే అప్పుడే ఆగాలి. 'ఈ రౌండ్ అయ్యాక చూద్దాం' అన్న రౌండ్‌లోనే బొబ్బ లేస్తుంది. లేచాక పెద్దదై నడవనివ్వకపోతే, స్టెరైల్ సూదితో అంచు దగ్గర గుచ్చి నీరు తీసి, పై చర్మం ఒలవకుండా కట్టు కట్టాలి. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం సొంతంగా గుచ్చుకోకూడదు. వాళ్లకి చురుక్కుమనడం కూడా తెలియకపోవచ్చు కనుక ప్రతి వంతు తర్వాత అరికాళ్లు చూసుకోవాలి. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటివి వాడేవాళ్లకి షుగర్ నడుస్తున్నప్పుడే కాదు, మర్నాడు నిద్రలో కూడా పడిపోవచ్చు. ఈ సంగతి జట్టులో ఇద్దరికైనా చెప్పాలి, గ్లూకోజ్ జేబులో ఉండాలి.

ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకి. గ్లాసులో కలిపి ఇస్తే వాంతులవుతాయి, దాహం పెరుగుతుంది. చలికాలం రాత్రి చెమట తక్కువ, దాహమైనప్పుడు తాగితే చాలు. పోటీపడి సీసాలు ఖాళీ చేస్తే రక్తంలో ఉప్పు పల్చబడి తలతిరుగుడు, వాంతులు వస్తాయి. భోజనం ఏడింటికే ముగించాలి. అర్ధరాత్రి బిర్యానీ స్పాన్సర్ చేస్తామంటే వద్దని చెప్పండి, ఒంటిగంటకి సగం గ్రౌండ్ నిద్రపోతుంది. ఉప్మా, అరటిపండు, పల్లీ చిక్కీ, పెరుగన్నం చాలు.

చికిత్సలో ఉన్నవాళ్లు

మొదటి రౌండు వాళ్లది, సాయంత్రం వెలుగులో. ఆ తర్వాత వాళ్లని ఇంటికి పంపేయాలి. కీమో ఇచ్చిన ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయి, గుంపులోకి రాకపోవడమే మంచిది. పాక్లిటాక్సెల్ అనే కీమో మందు వాడినవాళ్లకి అరికాళ్లు మొద్దుబారి ఉండొచ్చు, మసక వెలుతురులో తట్టుకుని పడతారు. ఆక్సాలిప్లాటిన్ అనే ఇంకో కీమో మందు తీసుకుంటున్నవాళ్లకి చల్లటి సీసా పట్టుకున్నా వేళ్లు జివ్వుమంటాయి, డిసెంబర్ రాత్రి వాళ్లకి నరకం. చంకలో గ్రంథులు తీసేసిన ఆడవాళ్లకి చెయ్యి వేలాడేసి నడిస్తే వాపు రావచ్చు, మధ్యమధ్యలో చెయ్యి పైకెత్తి పిడికిలి మూసి తెరవమనాలి. ఎముకలకి జబ్బు పాకినవాళ్లు డాక్టర్‌ని అడిగే రావాలి.

నడక వాళ్లకి చెడ్డదని కాదు. కీమో పూర్తయిన పెద్దపేగు క్యాన్సర్ రోగులు 889 మందితో చేసి 2025లో ప్రచురించిన అధ్యయనంలో, మూడేళ్లు పద్ధతి ప్రకారం వ్యాయామం చేయించినవాళ్లలో ఐదేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు 80 శాతం, కేవలం పుస్తకాలిచ్చి చెప్పి పంపినవాళ్లలో 74 శాతం. అది మూడేళ్ల పాటు క్రమం తప్పకుండా చేసిన వ్యాయామం ఫలితం. ఒక రాత్రి జాగారం దానికి బదులు కాదు.

స్టేజీ ఎక్కి కథ చెప్పమని ఎవరినీ లాగొద్దు. 'క్యాన్సర్‌ని జయించిన వీరులు' అని పిలిస్తే, మళ్లీ తిరగబెట్టిన మనిషి ఓడినట్టా? పేరు పెట్టి పిలిచి కుర్చీ వేస్తే చాలు.

తెల్లారాక

ఈ మొత్తం కార్యక్రమంలో ప్రాణాపాయం ఎక్కువగా ఉండేది ఆఖర్న, బండి నడుపుకుంటూ ఇంటికి వెళ్లేటప్పుడు. రాత్రంతా మేలుకున్న మనిషి ఔటర్ రింగ్ రోడ్డు మీద స్టీరింగ్ పట్టుకోకూడదు. మెట్రో ఆరింటికి మొదలవుతుంది. కార్లు గ్రౌండ్‌లోనే సాయంత్రం దాకా ఉంచుకునే ఏర్పాటు చేయాలి, లేదా నిద్రపోయి వచ్చిన ఇంట్లోవాళ్లని రమ్మనాలి.

ఇస్తామన్న చందాల్లో కొన్ని ఆగిపోతాయి. రెండు వారాల లోపు గుర్తుచేస్తే వస్తాయి, నెల దాటితే రావు. రెండు నెలల్లో లెక్క పంపాలి, ఒకే పేజీ, ఇచ్చిన ప్రతివాళ్లకీ, వందిచ్చినవాళ్లకి కూడా. ఎంత వచ్చింది, ఏర్పాట్లకి స్పాన్సర్లు ఎంత కట్టారు, ఎన్ని కుటుంబాలు ఎన్ని రోజులు ఉన్నాయి, రేడియేషన్ మధ్యలో ఆపేసి వెళ్లిపోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా. చివరిది కూడా దాచకుండా రాయాలి. ఎందుకు వెళ్లిపోయారో తెలిస్తే వచ్చే ఏడాది డబ్బు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. ఒక్కోసారి బస సరిపోదు, ఊళ్లో వదిలొచ్చిన పిల్లల్ని చూసే మనిషి కావాలి.

లెక్క పంపే ముందు ఇంకో ఫోన్ బాకీ ఉంటుంది. అడిగినప్పుడు 'నాక్కూడా ఇక్కడేదో తగులుతోంది' అన్న అత్తకి. పరీక్షకి వెళ్లిందా, వెళ్లకపోతే ఏ రోజు తోడు రమ్మంటుంది?